నీటికి హద్దు, మనుష్యునికి హద్దు

ధ్యాన భాగములు: యెహెజ్కేలు 34:17–22, ద్వితీయోపదేశకాండము 22:6–8, లూకా 19:1–10



తన భూమిలో తాను గట్టు వేసికొనువాడు తప్పు చేయుచున్నాడా? ఈ ప్రశ్న వినుటకు వింతగా నుండును. ఎవరి సొత్తును ముట్టక, ఎవరిని మోసపుచ్చక, ప్రభుత్వమువారు ఇచ్చిన భూమిలో మట్టి మోసి గట్టు కట్టుకొనినవానిలో దోషమేమున్నదని మనము అడుగుదుము. అయినను కొల్లేటి దేశమున నివసించు మనకు ఇది తప్పించుకొనరాని ప్రశ్నయే. వట్లూరు మొదలుకొని కైకలూరు వరకును, తాడేపల్లిగూడెము మొదలుకొని ఆకివీడు వరకును ఉన్న మన సంఘములలో గట్టు వేసినవారున్నారు, చెరువు గట్టుమీద కూలికి పోవువారున్నారు, గట్ల మూలమున ఇల్లు మునిగినవారును ఉన్నారు. ప్రభువు బల్లయొద్ద ఈ ముగ్గురును ఒకే వరుసలో కూర్చుందురు. గనుక ఈ మాసము దీనిని గూర్చి వాక్యపు వెలుగులో ఆలోచింతము.

1. నీరు పోవు దారి

వట్లూరు ఏలూరునకు పడమరగా, రైలు మార్గముమీద నున్న ఊరు. అక్కడ నిలిచి చూచినయెడల నేల ఉత్తరమున ఎత్తుగాను, దక్షిణమున పల్లముగాను ఉండును. ఉత్తరపు మెట్టలలో కురిసిన వాన తమ్మిలేరుగా ఏలూరు ప్రక్కనుండియు, బుడమేరుగా బెజవాడ వైపునుండియు, రామిలేరు గుండేరులుగా నడుమనుండియు దిగి కొల్లేటిలో చేరును. ఇది వాగుల నీరు మాత్రమే. 1852లో ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో బెజవాడ ఆనకట్టయు పూర్తియైన తరువాత రెండు నదుల నీరు కాలువల మీద మన పొలములకు వచ్చెను. కరవు భూమి వరిచేలయ్యెను. ఆ మేలును మన పెద్దలు మరువలేదు, మనమును మరువరాదు. అయితే చేను త్రాగగా మిగిలిన నీరు ఎక్కడికో పోవలెను గదా! అదియు మురుగు కాలువల ద్వారా చాలవరకు కొల్లేటికే దిగుచున్నది.

ఇన్ని దారుల వచ్చు నీటికి బయటికి పోవు దారి ముఖ్యముగా ఒక్కటే. అది ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి అది సముద్రములో కలియును. దాని వాలు బహు స్వల్పము. సముద్రము పోటుమీద నున్నప్పుడు నీరు ముందుకు సాగక నిలిచిపోవును. కాబట్టి వానకాలమున వచ్చిన నీరు తన వంతు వచ్చువరకు ఎక్కడో ఒకచోట వేచియుండవలెను. ఆ వేచియుండు చోటే కొల్లేరు. కృష్ణకును గోదావరికిని నడుమ దేవుడు ఆ పల్లమును ఉంచెను. వరదలో అది నింపుకొనును, తరువాత నెమ్మదిగా విడిచిపెట్టును.

ఒక చిన్న లెక్క చూడుడి. సముద్ర మట్టమునకు 5 అడుగుల ఎత్తువరకు కొల్లేటి విస్తీర్ణము సుమారు 308 చదరపు కిలోమీటర్లు. అంత విస్తీర్ణముమీద ఒక్క అడుగు లోతున నీరు నిలిచిన, అది 3 టి.యం.సి.లకు పైగా నగును. ఇప్పుడు ఆ విస్తీర్ణములో సగమునకు ఎత్తైన గట్లు వేసి నీటిని లోపలికి రానీయలేదనుకొనుడి. నీరు తగ్గదు. అదే నీరు మిగిలిన సగములో రెండడుగులై నిలుచును. ఒక అడుగు నీరు వాకిట నిలిచి పోయెడి ఇంటిలో, రెండవ అడుగు ధాన్యపు బస్తాలను తడుపును. ఆ రెండవ అడుగును ఎవరు పంపిరి? ఏ ఒక్కరును పంపలేదు, అయితే గట్టు వేసిన ప్రతివాడును కొంత కొంత పంపెను.

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగరును దాని చుట్టుప్రక్కలను ముంచిన సంగతి మీరెరుగుదురు. పట్టణములో నీరు తీయుచున్న దినములలోనే కొల్లేటిలో నీరు పెరుగుచుండెను. లంక గ్రామములను నీరు చుట్టుముట్టెను, ఏలూరు కైకలూరు రోడ్డుమీదికి ఎక్కెను. పైవారి గండము గడచినదని పత్రికలు వ్రాయునప్పటికి క్రిందివారి గండము మొదలగుచుండును. ఇది కొల్లేటి ప్రజలకు క్రొత్త కాదు. డెల్టా మునకలను పరిశీలించుటకు 1960ల దశకములోనే మిత్రా సంఘము పనిచేసెను. మురుగు కాలువల బాగుకొరకు 1968లో పన్ను చట్టమును వచ్చెను.

2. కొలుచువాని పని

ఇట్టి సంగతులను కొలిచి చెప్పుట కొందరి వృత్తి. వారిని జీవావరణ శాస్త్రజ్ఞులని పిలుచుచున్నారు. నేల, నీరు, చెట్టు, చేప, పక్షి, మనుష్యుడు ఒకరిమీద ఒకరు ఎట్లు ఆధారపడియున్నారో పరిశీలించుటయు, చెడిన తావును తిరిగి బాగుచేయు దారి చూపుటయు వారి పని. దోనెమీద తిరిగి నీటి లోతు, నీటి ఉప్పదనము చూతురు. చలికాలమున తెల్లవారుజామున పక్షులను లెక్కింతురు. కిక్కిస ఎక్కడ మిగిలినదో, గుర్రపుడెక్క ఎక్కడ దారి మూసినదో వ్రాసికొందురు. ఏ నెలలో ఏ చేప పడెడిదో, కొరమేను, మట్టగిడస, వాలుగ ఇప్పుడు పడుచున్నవో లేదో వృద్ధులైన జాలరులను అడుగుదురు. ఏ గట్టు తీసిన నీరు ఎటు పారునో లెక్క కట్టుదురు.

చూచువారికి ఇది చదువుకొనినవారి కాలక్షేపముగా తోచవచ్చును. కాని మోషే ధర్మశాస్త్రము తూనికరాళ్లను గూర్చియు కొలపాత్రలను గూర్చియు ఎంత గట్టిగా చెప్పుచున్నదో చూడుడి (ద్వితీయోపదేశకాండము 25:13–16). సంచిలో రెండు విధములైన రాళ్లుంచుకొనుట దేవునికి హేయము. అంగడిలో బియ్యము కొలుచు కుంచమునకు ఈ ఆజ్ఞ ఎంత వర్తించునో, కొల్లేటిలో నీరు కొలుచు కర్రకును అంతే వర్తించును. ధనవంతుడు అడిగినప్పుడు హద్దు లోపలికి జరుగరాదు. పక్షులమీది ప్రేమచేత హద్దు బయటికిని జరుగరాదు. కొలుచువాడు నమ్మకముగా కొలువనిచో అటు న్యాయస్థానమునకును ఇటు బీదవానికిని ఆధారమేమియు మిగలదు.

మన కొల్లేటిలో ఈ హద్దు పేరు "ప్లస్ ఐదు కాంటూరు". అనగా సముద్ర మట్టమునకు 5 అడుగుల ఎత్తున నేలమీద గీసిన గీత. ఆ గీత లోపలి ప్రదేశమును 1999లో ప్రభుత్వమువారు అభయారణ్యముగా ప్రకటించిరి. 2002 ఆగష్టులో కొల్లేరు రాంసార్ ఒడంబడిక క్రింద లోకమంతట ప్రాముఖ్యముగల తడినేలల పట్టికలో చేరెను. అటు తరువాత 2008లో రాష్ట్ర శాసనసభ ఆ గీతను 5 అడుగులనుండి 3 అడుగులకు దించవలెనని తీర్మానించెను. అట్లు దించినయెడల 308 చదరపు కిలోమీటర్లు సుమారు 135 అగును. కేంద్ర ప్రభుత్వము నియమించిన అజీజ్ సంఘము స్థలమునకు వచ్చి చూచి, హద్దు తగ్గింపరాదని చెప్పెను. ఈ వాదము పలుమారులు తిరిగి లేచినది. 2025లోను సుప్రీము కోర్టుయొక్క కేంద్ర సాధికార సంఘము కొల్లేటికి వచ్చి ప్రజల మొరలు వినెను.

ఇరు పక్షముల బాధయు నిజమే. ఆ 5 అడుగుల గీత లోపల జిరాయితీ భూములున్నవి, ఊళ్లున్నవి, తాతల నాటి బ్రదుకులున్నవి. అయితే గీతను మార్చువారు ఒక సంగతి మరువరాదు. కాగితముమీద గీతను రెండడుగులు దించవచ్చును, గాని తమ్మిలేరును దించలేము. పితరులు పాతిన పొలిమేర రాతిని తీయవద్దని సామెతల గ్రంథము మనలను హెచ్చరించుచున్నది (22:28). కొల్లేటికి పొలిమేర రాయి పాతినది ఏ పితరుడును కాడు. ఏటేట వచ్చి నిలుచు నీరే దానిని పాతినది. యోబుతో మాటలాడిన దేవుడు సముద్రమునకు తలుపులును గడియలును పెట్టినవాడు తానేనని గుర్తుచేసెను (యోబు 38:8–11). నీటికి హద్దు నియమించినవాడు, ఆ హద్దువరకు నీటికి చోటును కూడ నియమించెనని మనము గ్రహింపవలెను.

3. గట్టు వేసినవాని దోషమెంత?

మొదటి ప్రశ్నకు తిరిగి వత్తము. బైబిలులో చేపల చెరువును గూర్చిన ఆజ్ఞ లేదు. కాని తన స్థలములో తాను చేసిన పని ఇతరునికి కీడైనప్పుడు ఏమి చేయవలెనో చెప్పు ఆజ్ఞలు మూడున్నవి. గొయ్యి త్రవ్వి మూయక విడిచినవాడు, అందులో పడిన ఎద్దుకు నష్టము ఇచ్చుకొనవలెను (నిర్గమకాండము 21:33–34). తన ముండ్లకంపకు నిప్పు పెట్టినవాడు, ఆ నిప్పు పొరుగువాని పంటను కాల్చినయెడల సొమ్ము చెల్లింపవలెను (22:6). క్రొత్త ఇల్లు కట్టువాడు మేడమీదినుండి ఎవడును పడకుండ పిట్టగోడ కట్టవలెను (ద్వితీయోపదేశకాండము 22:8). గొయ్యి అతనిదే, నిప్పు అతనిదే, మేడ అతనిదే. అయినను నాది గనుక నా ఇష్టమని అనుటకు అతనికి సెలవు లేదు. కీడు చేయవలెనను తలంపు అతనికి లేకపోయినను బాధ్యత అతనిని విడువదు.

గొయ్యి విషయములో ఎవని గొయ్యిలో ఎవని ఎద్దు పడినదో అందరికి తెలియును. గట్టు విషయములో తెలియదు. వేయి గట్లు కలిసి పంపిన నీరు వేయి ఇండ్లలో పంచుకొనబడును. అందుచేత గట్టు వేసినవాని మనస్సాక్షి నిద్రపోవుట సులభము. "నా ఒక్క గట్టు తీసినంత మాత్రమున వరద ఆగునా?" అని అతడనును. ఆగదు. అయితే కానుకపెట్టెలో నా ఒక్క అణా వేయనంత మాత్రమున సంఘము నిలిచిపోవునా అని ప్రతివాడును అనినయెడల సంఘమేమగును? కీడు పంచబడినంత మాత్రమున అది మాయమైపోదు.

యెహెజ్కేలు 34వ అధ్యాయములో ప్రభువు చెప్పిన తీర్పు మన కొల్లేటిని చూచి చెప్పినట్లున్నది. అక్కడ తోడేళ్లను గూర్చిన మాట కాదు. మందలోనే ఉన్న బలిసిన గొఱ్ఱెలను గూర్చిన మాట. అవి మంచి మేత మేసినందుకు ప్రభువు వాటిని గద్దింపలేదు. తేటనీరు త్రాగినందుకును గద్దింపలేదు. తాము త్రాగిన తరువాత మిగిలిన నీటిని కాళ్లతో కలచి బురద చేసినందుకు గద్దించెను, ఏలయనగా బలహీనమైన గొఱ్ఱెలు ఆ నీటినే త్రాగవలసియున్నవి. మేతలు, మందులు వేసిన చెరువుల నీటిని కొల్లేటిలోనికి విడిచిపెట్టుచుండగా, నాలుగు దిక్కుల నీరున్న లంకలో స్త్రీలు త్రాగునీరు కొనుక్కొనుచున్నారు. ఈ భాగమును చదువునప్పుడు మనలో ప్రతివాడును తన పాదములవైపు చూచుకొనవలెను.

4. గట్టు తెంచువాడు

అయితే గట్టు తెంచినంత మాత్రమున నీతి నెరవేరునా? దీనికి 2006వ సంవత్సరము మనకు పాఠము.

అంతకుముందు 1970ల దశకములో ప్రభుత్వమువారే బీదవారిని సహకార సంఘములుగా చేర్చి, కొల్లేటి నేలను చేపల చెరువులకిచ్చిరి. ఉద్దేశము మంచిదే. కాని చెరువు త్రవ్వుటకు, పిల్లలు వేయుటకు, మేత కొనుటకు పెట్టుబడి కావలెను. అది బీదవానికి లేదు. పేరు సంఘముదై, చెరువు పెట్టుబడిదారునిదాయెను. బీదవానికి ఏటేట కొంత లీజు సొమ్మును, గట్టుమీద కొంత కూలియును మిగిలెను. నాబోతు తన పితరుల స్వాస్థ్యమును రాజుకును ఇయ్యనని చెప్పెను (1 రాజులు 21). మనవారు అప్పుల బాధచేత దానిని సంవత్సరమునకింత అని విడిచిపెట్టిరి. గట్లు మాత్రము ఎత్తుగాను వెడల్పుగాను పెరుగుచు వచ్చెను.

2006లో న్యాయస్థానపు ఆజ్ఞనుబట్టి "ఆపరేషన్ కొల్లేరు" జరిగెను. పొక్లెయినులు వచ్చి హద్దులోపలి గట్లను తెంచెను. చాలకాలమునకు నీరు తన తావున పరచుకొనెను. ఆ పని అవసరమైన పనియే. కాని ఆ దినమున నష్టపోయినవారెవరు? పెట్టుబడిదారునికి మరియొక ఊరిలో మరియొక చెరువుండెను. లీజు సొమ్ముమీద పిల్లలను చదివించుకొనువానికి, వలలాగు కూలికి, గట్టుమీద కావలివానికి మరియొకటి లేదు. బ్రదుకుతెరువు చూపక గట్టు తెంచిన చోట కొన్ని సంవత్సరములకు గట్టు తిరిగి లేచెను. బీదవాడు కొల్లేటికి శత్రువు కాడు. అతనికి ఇంకొక దారి లేక, గట్టు వేయువారికి తన పేరును తన చేతులను ఇచ్చుచున్నాడు.

జక్కయ్య వృత్తాంతమును ఇక్కడ జ్ఞాపకము చేసికొనుడి. అతడు చెడినదానిని బాగుచేయ పూనుకొనినప్పుడు ఎవరి సంచి విప్పెను? తన సంచినే విప్పెను. అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు ఇచ్చెదననెను. బాగుచేయుటకగు వ్యయము ఎక్కువ లాభము పొందినవానిమీద పడవలెనని ఆ ఇంటిలో ప్రభువు ఎదుట తేటపడెను. కొల్లేటిలోను ఈ క్రమమే న్యాయము. పెద్ద గట్టు ముందు తెగవలెను, చిన్నవాని జీవనమునకు ముందు ఏర్పాటు కావలెను. గట్టు లెక్క, పక్షి లెక్క వ్రాసికొను శాస్త్రజ్ఞుడు పొయ్యిల లెక్కయు వ్రాసికొననియెడల అతని పుస్తకములో సగమే ఉన్నది.

5. పిచ్చుకల విలువ, మనుష్యుల విలువ

"పక్షులకొరకు మనుష్యులను కష్టపెట్టుదురా? మనము వాటికంటె శ్రేష్ఠులము కామా?" అని కొందరు అడుగుదురు. ప్రభువే మనము శ్రేష్ఠులమని చెప్పెను (మత్తయి 6:26). కాని ఆ మాట చెప్పుచు పక్షులను చూడుడని కూడ చెప్పెను.

మన గూడబాతును చూడుడి. 1940ల దశకములో నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామము దగ్గర గూడబాతుల గొప్ప కొలువును చూచి లోకమునకు తెలియజేసెను. తరువాత కొన్ని దశాబ్దములలోనే ఆ కొలువు పాడుపడెను. ఇప్పుడు కైకలూరు దగ్గర ఆటపాకలో అవి గూళ్లు పెట్టుచున్నవి. చెట్లు చాలకపోగా అటవీశాఖవారు నీటిలో ఇనుప మంచెలు నిలిపిరి, వాటిమీద అవి పిల్లలను పెంచుచున్నవి. గూడబాతుకు కావలసినవేవి? ఉప్పెక్కని నీరు, నిలకడగల లోతు, నాటు చేప, కదలింపని తావు. లంకలోని జాలరికి కావలసినవియు ఇంచుమించు ఇవే. వేసవిలో పైనుండి మంచినీరు రాక ఉప్పుటేటిగుండ సముద్రపు నీరు ఎగదన్నినప్పుడు ఇద్దరును నష్టపోవుదురు. గనుక పక్షి తావు విడిచి పోవుట మనకు ముందుగా వచ్చిన జాబువంటిది.

ద్వితీయోపదేశకాండము 22:6–7లో పక్షిగూడు దొరికినవాడు పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెనని ఆజ్ఞ యున్నది. తినవద్దని దేవుడు చెప్పలేదు. రేపు మరల పుట్టుటకు కావలసినదానిని ఈ దినమే తినివేయకుమని చెప్పెను. కొల్లేటిలో చేప పట్టుట, దాళ్వా వరి పండించుట మనకు నిషిద్ధములు కావు. చేపలకును వరికిని తల్లియైన ఆ నీటి తావును మ్రింగివేయుటయే నిషిద్ధము. ఏదెను తోటలో మనుష్యునికి అప్పగింపబడిన పని సేద్యపరచుటయు కాచుటయు (ఆదికాండము 2:15). ఆ రెండిటిలో మొదటిదానిని మనము బాగుగా నేర్చుకొంటిమి.

6. మనము చేయదగినవి

మెట్ట గ్రామములవారు, అనగా వట్లూరు, ఏలూరు ప్రక్కలనున్నవారు, "మా ఊరు మునగలేదు, మాకేమి?" అని అనరాదు. మీరు పూడ్చిన కాలువ, మీరు తమ్మిలేటిలో వేసిన చెత్త క్రిందివాని వాకిటికి చేరును. మంచి సమరయుని కథలో ఎరికోకు దిగిపోవు దారిని పడియున్నవానిమీద జాలిపడినవాడే అతనికి పొరుగువాడయ్యెను. నీటి దారిలో మనకు దిగువనున్నవాడు మనకు పొరుగువాడు.

గట్లుగలవారు మురుగు కాలువల నోళ్లను, వాగుల దారులను మూయక విడిచిపెట్టవలెను. హద్దు లోపల గట్టుగలవారు ఆ హద్దును తమ మనస్సాక్షియెదుట పెట్టుకొని నిజము ఒప్పుకొనవలెను. సంఘములలో సభ్యులైన బీద సహోదరులు తమ పేరును ఇతరులకు అద్దెకిచ్చుటకు ముందు, సంఘపు పెద్దలతో ఆలోచన చేయవలెను. కొలుచుటకు వచ్చినవారు అడిగినప్పుడు, నీరు ఎంతవరకు వచ్చినదో, ఎన్ని దినములు నిలిచినదో ఉన్నది ఉన్నట్టు చెప్పుడి. వృద్ధులైన జాలరుల జ్ఞాపకము గొప్ప నిధి. అది సమాధిలోనికి పోకముందు పిల్లలు వ్రాసిపెట్టవలెను.

సంఘము చేయవలసినది మరియొకటి కలదు. వరద వచ్చినప్పుడు మనము అన్నము వండి పంపుదుము, అది మంచిదే. గట్టు తెగి కూలి పోయినప్పుడును పంపవలెను. నీటిలో మునిగినవాని కష్టము అందరికి కనబడును, పని పోయినవాని కష్టము కనబడదు. ఒకని భారమును ఒకడు భరింపవలెనని పౌలు గలతీయులకు వ్రాసినది ఈ ఇద్దరిని గూర్చియు వ్రాసెను.

యెహెజ్కేలు 47వ అధ్యాయములో దేవాలయమునుండి పారిన నది చేరినచోటనెల్ల జలములు బాగుపడెను, జాలరులు ఒడ్డున నిలిచి వలలు పరచిరి, చేపలు నానావిధములుగా విస్తరించెను. కాని నది చేరని బురద స్థలములు బాగుపడక ఉప్పుకే విడువబడెను. నీరు కదలుటకు దారియున్నచోట స్వస్థత కలిగెను, దారిలేనిచోట కలుగలేదు. మన పొలములలోను, మన హృదయములలోను ఆ నీటికి దారి మూసిన గట్టు ఏదైన ఉన్నదా అని ప్రతి కుటుంబమువారు ఈ మాసము ప్రార్థనాపూర్వకముగా పరీక్షించుకొందురు గాక.